ఓబులక్క వాకచెట్టు

మీ తాతల తాతలు ఉయ్యాల్లోకి కూడా రాని కాలం. గుట్ట కింద ఒక ఊరు. ఊరి చివర గుడిసెలో ఓబులక్క ఉండేది. ముందూ వెనకా ఎవరూ లేరు. ఉన్నదల్లా గుడిసె పక్కన, బాట అంచున ఒక వాకచెట్టు. చెట్టని పేరే గానీ ఒళ్ళంతా ముళ్ళున్న పొద. ఎండాకాలంలో బియ్యం కడిగిన నీళ్ళు దాని మొదట్లో పోసేది. ఎండుకొమ్మలు తనే కోసేది. చేతుల నిండా గీతలే. పుల్లటి వాక్కాయలు కోసి, చింతపండు లేని ఇళ్ళకు పప్పులోకి పంచేది.

బాటకు అవతల పెదకాపు బయన్న జొన్నచేను. బండి పోయినప్పుడల్లా ముళ్ళు ఎద్దుల ఒళ్ళు గీరేవి. బయన్నకు మండిపోయేది.

మాఘమాసంలో గొడ్డలి తెచ్చాడు.

"జరుగు ఓబులక్కా. కొట్టేస్తా."

"పూత మీదుండాది నాయనా. పూత రాలినాక కొట్టు."

వైశాఖంలో వచ్చాడు.

"పిందె మీదుండాది నాయనా. పిందె ముదిరినాక కొట్టు."

శ్రావణంలో వచ్చాడు.

"కాయ మీదుండాది నాయనా. కాయ కోసినాక కొట్టు."

కాయ కోసేసరికి చేలో కలుపు ముంచుకొచ్చేది. గొడ్డలి అటకెక్కేది. మళ్ళీ మాఘం, మళ్ళీ పూత. అలాగే బయన్న జుట్టు నెరిసింది. ముసల్ది నాటకమాడుతోందని అతనికి తెలియక కాదు. పూత మీదున్న చెట్టు మీదికి చెయ్యి లేవదు, అంతే.

ఒక మాఘంలో ఓబులక్క చచ్చిపోయింది. ఊరే పాడె కట్టింది. శ్మశానానికి ఆ బాటే దారి. బండి ఎలాగో గీరుకుంటూ పోయేది గానీ, పాడె మోసేవాళ్ళు వంగలేరు, తప్పుకోలేరు.

"ఇంక అడ్డం చెప్పేదెవరు? కొట్టెయ్ బయన్నా" అన్నారు.

బయన్న గొడ్డలి తెచ్చాడు. చెట్టు నిండా తెల్లటి పూత. వెనక్కి తిరిగి తన చేని కంచె నరికాడు.

"నా చేలో పడి పోండి."

"జొన్న పాలు పట్టుండాది గదన్నా."

"పట్టనీ. నడవండి."

పాడె వెనకాలే, విరిగిన జొన్న తొక్కుకుంటూ నడిచాడు. దారి పొడుగునా ఏడ్చాడు.

ఆ వాకచెట్టు ఎప్పుడో ఎండిపోయింది. బాట వెడల్పయింది. అయినా ఆ ఊళ్ళో పాడె బాట మీద పోదు. చేలో పడే పోతుంది. చేను ఎవరిదైనా ఒక్క మాట అనరు. తలగుడ్డ తీసి, గట్టు మీద నిలబడతారు.