దొర కుట్టిన తిత్తి

ఊఁ కొడతారా? ఊఁ కొడితేనే చెబుతాను, లేదంటే లేచి పొండి. అనగనగా, మీ తాత తాతకి ఇంకా పళ్ళు రాని కాలం. ఏటి గట్టున ఓ కమ్మరిపేట. ఆ పేట చివరింట్లో సన్నేసమ్మ. మొగుడు పోయాడు. మిగిలినవి మూడే. ఓ తోలుతిత్తి, ఓ బరమా, ఓ ఆకురాయి. తిత్తి ఊదితే కొలిమి మండేది, కొలిమి మండితే పొయ్యి మండేది. అంతే ఆవిడ బతుకు.

బరమా తెలుసుగా? తాడు లాగితే గిర్రున తిరుగుతుంది. దాని కొసన ఉక్కు ములుకు బిగిస్తారు. ఇనుముకి బెజ్జం వేసేది ఆ ములుకే. ఆకురాయి పేరుకే రాయి, నిజానికది గరుకైన ఉక్కు పట్టీ. ఎవరు కొత్త ములుకు తెచ్చినా సన్నేసమ్మ దాంతో గీసేది. ఆకురాయి కొరికితే మెత్తటి ఇనుము. జారితే ఉక్కు. "మెరుపు నాకొద్దు, గీసి చూస్తాను," అనేది.

ఆ దేశపు దొరకి కోటకి ఇనుప తలుపు పెట్టించాలని బుద్ధి పుట్టింది. ఎక్కడి వర్తకుడో బండెడు ములుకులు అంటగట్టాడు. పచ్చగా బంగారంలా మెరుస్తున్నాయి. దొర మురిసిపోయి దండోరా వేయించాడు.

"ఈ ములుకులతోనే బెజ్జాలు వెయ్యాలి. విరగ్గొట్టినోడి తిత్తి కోయిస్తాను!"

పేట కమ్మర్లు వేశారు. ఒకటి వంగింది. ఒకటి మొండిబారింది. ఒకటి బెజ్జంలోనే పుటుక్కున విరిగింది. ఏం చేస్తారు పాపం, భయం! విరిగిన ముక్కని లోపలే వదిలేసి, పైన మైనం కూరి, మేకు తల ఒకటి అంటించేశారు. చూసినోడికి మేకు దిగినట్టే ఉంది.

తలుపుని గుమ్మానికి పట్టి ఉంచే మూడు బందుల్లో పై బందు సన్నేసమ్మ వంతుకి వచ్చింది. పక్కింటి పైడయ్య మైనం ముద్ద పట్టుకొచ్చాడు.

"వదినా, నోరు మూసుకుని ఇది కూరెయ్యి."

"తలుపు ఊడితే ఎవడి మీద పడుతుంది పైడయ్యా? నేను కూరను."

తిన్నగా దొర దగ్గరికి పోయింది. ఆయన కళ్ళెదుటే ములుకుని మూడుసార్లు గీసింది. ఒక గీతకి పసుపు రంగు పోయింది. రెండో గీతకి తళుకు పోయింది. మూడో గీతకి ఇనుప రజను రాలింది.

"ఇది ములుకు కాదు బాబూ, పూత పూసిన పుల్ల."

దొర మొహం కందగడ్డయింది. "కొయ్యండ్రా దీని తిత్తి!"

కోసేశారు, ఇంత బారున. ఆవిడ ఏడ్చింది. ఏడవదా మరి? మొగుడు కుట్టిన తిత్తి అది. కళ్ళు తుడుచుకుని, "తిత్తి కోస్తే ఇనుము ఉక్కవుతుందా బాబూ?" అని అడిగి మరీ వచ్చింది.

ఇంటికొచ్చి ఆకురాయిని రెండు ముక్కలు చేసింది. ఒక ముక్కని నిప్పుల్లో పెట్టి, వెదురుగొట్టంతో ఊదింది. పొద్దున్న ఊదింది, మధ్యాహ్నం ఊదింది, పొద్దు వాలేదాకా ఊదింది. పెదాలు పగిలాయి. ముక్క ఎర్రబడింది, పక్కింటి సుత్తి కింద సాగింది, నీళ్ళలో చుయ్యిమంది. మిగిలిన ఆకురాయితో గీసింది, జారింది. గీసింది, జారింది. గీసింది, జారింది.

"ఇదీ ములుకంటే!" అంది. ఆ ఒక్క ములుకుతోనే తన బందుకి బెజ్జాలన్నీ వేసి, మేకులు దిగగొట్టి, అవతల కొసలు మడిచింది.

తలుపు నిలబెట్టారు. దొర తనే వచ్చి తోశాడు. మేకు తలలు టపటపా రాలాయి. కింది బందు ఊడింది, నడిమి బందు ఊడింది. తలుపు దొర నెత్తి మీదికి ఒరిగి, పై బందుకి వేలాడుతూ ఆగిపోయింది. అది సన్నేసమ్మ బందు.

దొర ఆవిడ వాకిట్లోకొచ్చాడు.

"ములుకులు చేసిపెట్టు సన్నేసమ్మా."

"ముందు తిత్తి కుట్టు బాబూ."

"కుట్టిస్తాను."

"కుట్టించడం కాదు. కోయించింది నువ్వు. కుట్టేదీ నువ్వే."

పేటంతా చూస్తుండగా దొర మట్టిలో చతికిలబడి కుట్టాడు. సూది వేళ్ళకి గుచ్చుకుంది. కుట్టు వంకరపోయింది. ఆవిడ దాన్ని విప్పలేదు, సరిచెయ్యనూ లేదు. పోయేదాకా ఆ తిత్తే ఊదింది.

ఆవిడ పోయి ఎన్ని తరాలైందో! ఆ పేటలో ఇప్పటికీ దసరాకి పనిముట్లు కడిగి బొట్లు పెట్టేటప్పుడు, తిత్తి చిరక్కపోయినా ఓ వంకర కుట్టు వేస్తారు. దాన్ని దొర కుట్టు అంటారు. కరెంటు డ్రిల్లులు వచ్చాయి, నిజమే. దుకాణంవాడు పచ్చగా మెరిసే డ్రిల్లు బిట్టు ముందు పెట్టి ఎంత పొగడనీ, ఆ పేటవాళ్ళు జేబులోంచి ఆకురాయి తీస్తారు. "సన్నేసమ్మ ఒప్పుకుంటుందా?" అని గీస్తారు. కొరికిందో, ఎదుట ఉన్నది ఎంతటివాడైనా సరే, మొహం మీదే అంటారు.

"పూత పూసిన పుల్ల!"