బూరెగాడికి ఇరవై అడుగులు

జామతోట చివర, చెరకు చేనుకి ఆనుకుని ఒక పాక ఉంది. అందులో నల్లమ్మ అనే గేదె, చుక్కి అనే కోడిపెట్ట, చుక్కి పిల్లలు ఏడుగురు కాపురం. చుక్కికి లెక్కల పిచ్చి. పూటకి మూడుసార్లు పిల్లల్ని లెక్కపెట్టుకునేది. చెరకులో నక్క ఉన్నప్పుడు ఆ మాత్రం తప్పదు మరి.

ఒక వానరోజు రోడ్డు పక్క తూము కింద ఓ కుక్క వణుకుతూ కనబడింది. మెడలో తెగిన తాడు, ఒంటినిండా రాళ్ల దెబ్బలు. చుక్కి దూరం నుంచే "రారా నాయనా" అంది. వెనకాలే వచ్చేశాడు. బూరె రంగులో ఉన్నాడని బూరెగాడని పేరు పెట్టింది.

వాడితో ఒకటే చిక్కు. ఎవరు దగ్గరికొచ్చినా రాయి విసురుతారేమోనని తోట అదిరేలా మొరుగుతాడు. వాళ్లు వెళ్లిపోయాక వాళ్లు నిలబడ్డ చోటు వాసన చూసి తోక ఊపుతాడు.

"నల్లమ్మత్తా, ఆ వెర్రోణ్ణి తరిమెయ్యి. ఈ గోలకి నీ పాలు ఎండిపోతాయి" అంది నక్క, చేను గట్టు మీంచి.

"నా పాల దిగులు నీకెందుకోయ్?" అంది గేదె. కానీ మూడ్రోజులుగా కంటిమీద కునుకు లేదు. "చుక్కీ, పది రోజులు గడువు. ఆ తర్వాత వాడన్నా ఉండాలి, నా నిద్రన్నా ఉండాలి."

చుక్కి అడుగులతో కొలిచి చూసింది. ఇరవై దూరంలో నిలబడితే బూరెగాడు చెవులు నిక్కిస్తాడు, అంతే. పద్దెనిమిదికి గుర్రుమంటాడు. పదహారుకి ఊరు లేపుతాడు.

"ఇంకేం! ఇరవై దగ్గర మొదలెడతా. రోజుకి రెండు తగ్గిస్తా. పదో రోజుకి వాడి పక్కనే!"

రోజూ తవుడు ముద్ద ముక్కున కరుచుకెళ్లి, ఆ రోజు అడుగు దగ్గర పెట్టి, వాడికేసి చూడకుండా తిరిగొచ్చేది. ఆరో రోజు, పది అడుగుల దగ్గర ఉండగా, జామకాయొకటి దబ్బున రాలింది. బూరెగాడి అరుపుకి చుక్కి ఈకలు రెండు ఊడాయి.

"పోయిందే నీ లెక్క!" గేదె నవ్వింది.

"పోలేదత్తా. పన్నెండుకి వెనక్కెళ్తా. నాలుగు రోజులుంది, రోజుకి మూడు!"

పదో రోజు పొద్దున బూరెగాడు చుక్కి పక్కన తల వాల్చి, రెక్కలు తడిసిపోయేదాకా నాకాడు. నక్క గట్టు మీంచి నోరు తెరిచింది.

"చుక్కమ్మా, మీవాడు మెత్తబడ్డాడే! ఇంక మొరగడా?"

"నన్ను చూసి మొరగడు బావా."

నక్కకి "మొరగడు" అన్నదొక్కటే చెవికెక్కింది. చుక్కి మాత్రం పిల్లల్ని తీసుకెళ్లి బూరెగాడి వెనక పడుకోబెట్టింది.

మధ్యాహ్నం గేదె కునుకు తీస్తుండగా నక్క నింపాదిగా పాకలోకి నడిచొచ్చింది. బూరెగాడు ఒక్కసారి భౌమన్నాడు. నక్క ఉలిక్కిపడి, "మొరిగే కుక్క కరవదులే" అని ఇంకో అడుగేసింది.

చెరకులోకి దూరేసరికి దాని తోక సగమే మిగిలింది.

"మళ్లీ నిద్ర చెడగొట్టాడా!" అని లేచిన గేదె, బూరెగాడి నోట్లో ఉన్న తోక చూసింది.

"ఏడుగురూ ఉన్నారత్తా" అంది చుక్కి, రెండుసార్లు లెక్కపెట్టి.

గేదె కాసేపు నెమరు వేసింది. "సరేగానీ, రేపు నేనెన్ని అడుగుల దగ్గర నిలబడాలో చెప్పు."

పదో రోజు ముద్దు చూసినవాడికి తొమ్మిది రోజుల ఓర్పు కనబడదు.