జ్ఞానం చెప్పని సాక్ష్యం

దుప్పటి కప్పుకున్నావా బుజ్జమ్మా? కాళ్ళు లోపల పెట్టుకో. ఊఁ కొడుతూ ఉంటేనే చెప్తాను. నువ్వు మధ్యలో నిద్రపోతే నాకు నోరు నొప్పే మిగుల్తుంది.

అనగనగా ఒక ఊళ్ళో, ఊరంటే పెద్దదేం కాదులే, గోదారి గట్టు కింద నాలుగు వీధులు, ఆ ఊళ్ళో జ్ఞానసుందరి అని ఒక పిల్ల ఉండేది. ఐదో తరగతి చదివేది. ఇంట్లో అందరూ జ్ఞానం అని పిలిచేవాళ్ళు. పేరైతే పెట్టారుగానీ, అసలుది ఇంకా దారిలోనే ఉంది.

ఆ పిల్లకి ఒకటే కోరిక. క్రిస్మస్ ముందు చర్చివాళ్ళు పాటలు పాడుకుంటూ ఇంటింటికీ తిరుగుతారు కదా, అప్పుడు ఒకళ్ళు వెదురుకర్రకి కట్టిన కాగితం నక్షత్రం పట్టుకుని అందరికన్నా ముందు నడుస్తారు. ఆ కర్ర తన చేతికి రావాలి. అన్నం తింటున్నా అదే ధ్యాస, నీళ్ళు తోడుతున్నా అదే ధ్యాస.

ఆ ఏడు సండేస్కూల్లో సమాధానమ్మ టీచరుగారు ఏమన్నారంటే, "పిల్లలూ, చర్చిలో భక్తి అందరికీ వస్తుంది. మీరు బళ్ళో ఎలా ఉంటున్నారో దేవుడు అది చూస్తాడు. క్రిస్మస్ ముందు ఆదివారం ఒక్కొక్కళ్ళే లేచి సాక్ష్యం చెప్పండి. ఎవరి సాక్ష్యం బాగుంటే వాళ్ళకే నక్షత్రం" అన్నారు. సాక్ష్యమంటే తెలుసుగా, దేవుడు మనచేత చేయించిన మంచిపని పదిమందిలో చెప్పడం.

ఇంకేం, జ్ఞానం సాక్ష్యం కోసం వేటకి బయల్దేరింది.

మొదట ఇంట్లోంచి సీసాడు ఉసిరికాయ పచ్చడి బడికి పట్టుకెళ్ళింది. మధ్యాహ్నం పక్కపిల్ల వద్దు వద్దంటున్నా కంచంలో ఇంత వేసి, "తిను, మా దేవుడు పంచుకోమన్నాడు" అంది. పాపం ఆ పిల్లకి నోరు పూసి ఉంది. ఒక్క ముద్దకే బావురుమంది. అదీ మొదటి సాక్ష్యం సంగతి.

ఆ తర్వాత ఏం చేసిందీ, భోజనాల దగ్గర టీచర్లందరికీ వినపడేలా లేచి నిలబడి ప్రార్థన మొదలుపెట్టింది. కళ్ళు గట్టిగా మూసుకుని రోగుల్నీ, ప్రయాణాల్లో ఉన్నవాళ్ళనీ, రాజుల్నీ, మంత్రుల్నీ, అందర్నీ దేవుడికి అప్పజెప్పింది. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి కంచంలో గుడ్డు లేదు. గోడమీద కాకి కూర్చుని హాయిగా తింటోంది. గుడ్డుని మాత్రం అప్పజెప్పడం మర్చిపోయింది మరి!

నవ్వకే, పొలమారుతుంది.

అప్పుడు జ్ఞానం కన్ను నూకాలు మీద పడింది. నూకాలు వాళ్ళ తరగతిలోదే. తలనిండా పేలు. ఎప్పుడు చూసినా రెండు చేతులతో గోక్కుంటూ ఉండేది. అందుకని పిల్లలెవరూ పక్కన కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. వెనకబల్ల మీద ఒక్కతే కూర్చునేది. జ్ఞానం ఏమనుకుందంటే, ఆహా, దీని పక్కన కూర్చుంటే సాక్ష్యం అదిరిపోతుంది, నక్షత్రం నాదే అనుకుంది. అనుకుని, సంచీ తీసుకెళ్ళి వెనకబల్ల మీద పెట్టింది.

మధ్యాహ్నం బడి వెనక చింతచెట్టు నీడలో, ఇంట్లోంచి తెచ్చిన పేల దువ్వెన తీసి, "రావే, తల దువ్వుతా" అంది. నూకాలు ముందు రానంది. ఆ తర్వాత మెల్లిగా వచ్చి, జ్ఞానం ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. దువ్వుతుంటే కదలదు, మెదలదు. నిద్రపోయిందేమో అనుకుని వంగి చూస్తే, ఏడుస్తోంది.

"నొప్పెడుతోందా?"

"లేదు. అమ్మ పోయాక నా తల ఎవరూ ముట్టుకోలేదే" అంది నూకాలు.

ఆ రోజునుంచి జ్ఞానం నక్షత్రం సంగతే మర్చిపోయింది. రోజూ వేపనూనె రాయడం, దువ్వడం, ఈపులు తియ్యడం, రెండు జడలు వెయ్యడం. ఇంట్లో మాత్రం వీపు విమానం మోతే! ఎందుకంటే సగం పేలు ఇటు కాపురానికొచ్చేశాయి. "ఎక్కడ ఎక్కించుకొచ్చావే వీటిని?" అని అమ్మ అడిగితే, "వాటంతటవే వచ్చాయమ్మా" అనేది. అదీ నిజమే కదా.

క్రిస్మస్ దగ్గరపడేసరికి నూకాలు తల శుభ్రంగా తేలింది. పిల్లలు పాతది మర్చిపోయారు. ఒకరోజు వాళ్ళంతట వాళ్ళే, "ఇక్కడ చోటుంది, రావే" అని ముందుబల్లకి పిలిచారు.

సాక్ష్యాల ఆదివారం రానే వచ్చింది. జ్ఞానం పిలిచిందని నూకాలు కూడా చర్చికి వచ్చింది. ఎర్ర రిబ్బన్లు కట్టుకుని, బళ్ళో పిల్లల మధ్యన చాపమీద కూర్చుంది. తీమోతి అనే పిల్లాడు లేచి, పరీక్షలో పక్కవాడికి పెన్సిలు ఇచ్చానని చెప్పాడు. అందరూ "హల్లెలూయ" అన్నారు.

ఆ తర్వాత జ్ఞానాన్ని పిలిచారు. లేచి నిలబడింది. గోడకి ఆనించిన నక్షత్రం ఎదురుగానే ఉంది. చెప్పిందా, అది తనదే! మాట నాలిక చివరిదాకా వచ్చింది. అప్పుడు నూకాలు మొహం చూసింది. ఆ పిల్ల చెయ్యి దానంతటదే జడమీదికి వెళ్ళింది, ఎవరో లాక్కుంటారేమో అన్నట్టు. చుట్టూ ఇప్పుడిప్పుడే చోటిచ్చిన పిల్లలు.

"చెప్పేదేం లేదండి" అని కూర్చుండిపోయింది జ్ఞానం.

"ఇన్నాళ్ళలో ఒక్కటీ లేదా తల్లీ?" అన్నారు సమాధానమ్మ టీచరుగారు, పాపం మనసు చిన్నబుచ్చుకుని. జ్ఞానం తల వంచుకుంది. చెవులు ఎర్రబడ్డాయి.

ఏంటే, అబద్ధమాడిందంటావా? చెయ్యలేదు అనలేదే, చెప్పేది లేదంది. రెండిటికీ చాలా తేడా ఉంది, పెద్దయ్యాక తెలుస్తుందిలే.

నక్షత్రం తీమోతికి వెళ్ళింది. చీకటిపడ్డాక పాటలవాళ్ళు బయల్దేరారు. అందరికన్నా వెనక జ్ఞానం, నూకాలు నడుస్తున్నారు. జ్ఞానానికి ఏడుపొస్తోంది. రాదా మరి, ఎన్నాళ్ళనుంచో కన్న కల!

నూకాలు గుసగుసగా, "నా సంగతి చెప్పుంటే అది నీకే ఇచ్చేవాళ్ళు కదే?" అంది.

జ్ఞానం ముక్కు తుడుచుకుని, "అది నా సాక్ష్యం కాదే, నీ తల" అంది.

నూకాలు జ్ఞానం చెయ్యి పట్టుకుని, పాటలో మాటలు రాకపోయినా అందరికన్నా గట్టిగా అందుకుంది. దేవుడికి ఆ రాత్రి ఏ పాట ముందు వినపడిందో నేను చెప్పక్కర్లేదు.

కథేమో కంచికి,
పేలేమో గట్టుకి,
మనమేమో మంచానికి,
నిద్రేమో నీ కంటికి.