పద్ధతిగా రాసిన జాబు

కొండవాకిలి కోట సైన్యాన్ని నడిపే దళవాయి రుద్రప నాయకుడికి ఎవరి మీదా నమ్మకం లేదు. ఒకనాడు జాబులు మోసే జంగిలయ్య సరిహద్దు ఠాణా నుంచి రొప్పుతూ వచ్చి, శత్రువులు పడమటి కనుమలో దిగారన్న జాబు అందించాడు.

దళవాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ముద్ర పైన వేయాలని రాజాజ్ఞ. ఇందులో కింద ఉంది, తిథి కూడా లేదు. శత్రువులు తూర్పున ఉన్నారని పొద్దున వచ్చిన జాబు ఎంత పద్ధతిగా ఉందో చూడు! నువ్వు గూఢచారివి. వీణ్ణి ఉరి తీయండి!"

భటులు వచ్చి జంగిలయ్య చేతులు కట్టేశారు. అయినా అతను ధైర్యం చిక్కబట్టుకుని, "దొరా, ఒక్క మనవి. మన ఠాణాల జాబుల్లో రాజాజ్ఞ ప్రకారం రాసింది ఒక్కటైనా ఉందేమో చూడండి" అన్నాడు.

పాత జాబులన్నీ తెప్పించారు. ఒకరు ముద్ర పక్కన వేశారు, ఒకరు వెనక వేశారు, ఇంకొకరు వేయడమే మరిచిపోయారు.

"మనవాళ్లెవరూ పట్టించుకోని ఆజ్ఞను అంత శ్రద్ధగా పాటించేది, మనవాడిలా కనబడాలనుకున్న పరాయివాడే కదా దొరా!" అన్నాడు జంగిలయ్య.

పొద్దున జాబు తెచ్చినవాణ్ణి పిలిపిస్తే, వాడు అప్పటికే గోడ దూకి పారిపోయాడు. దళవాయి జంగిలయ్య కట్లు విప్పించి, సైన్యాన్ని పడమటికి నడిపించాడు. శత్రువులు గుడారాలు వేసుకుంటూ కనుమలోనే దొరికిపోయారు.