రాజుగారి చుట్టిల్లు

అనగా అనగా, అలల మోత వినబడేంత దూరంలో ఒక రాజ్యం. సముద్రానికీ ఊళ్లకూ నడుమ మడ అడవి కోటగోడలా నిలిచి ఉండేది.

పూర్వం అక్కడివారు గుండ్రటి మట్టి గోడలతో చుట్టిళ్లు కట్టుకొనేవారు. రాజు కేతుమంతుడు ఇటుకల మేడ కట్టించుకొన్నాక అందరి మనసూ ఇటుకల మీదికే పోయింది. ఊరూరా బట్టీలు లేచాయి. వాటికి కట్టెలు మడ అడవివే. తుఫానుకు తట్టుకొనే గోడల కోసం, తుఫానును ఆపే అడవినే జనం కాల్చసాగారు.

ఒక ఏడు, పలచబడ్డ అడవిలోంచి సముద్రం పొలాల్లోకి చొరబడింది. పెద్ద తుఫాను వస్తే ఊళ్లే మిగలవని రాజు భయపడ్డాడు.

మొదట దండోరా వేయించాడు: "ఇకపై అందరూ చుట్టిళ్లే కట్టుకోవాలి!" జనం తలలూపారు. బట్టీలు ఆరలేదు.

తరువాత మట్టి, తాటాకు ఉచితంగా పంచాడు. జనం ఆ మట్టితో మరిన్ని ఇటుకలు కోసి, వానకు తడవకుండా ఆ తాటాకే కప్పారు.

రాజు స్వయంగా రేవుకు వెళ్లాడు. అక్కడ పోలమ్మ అనే ముసలామె చేపలు ఎండబెడుతోంది.

"అవ్వా, చుట్టిల్లు చల్లన. గాలి దాని చుట్టూ జారిపోతుంది. మరెందుకు వద్దంటారు?"

"మంచిదని నాకెరికే బాబూ! పుట్టిందీ పెరిగిందీ అందులోనే. కానీ మట్టింటోడికి పిల్లనెవులిస్తారు? నా కొడుక్కి వచ్చిన సంబంధాలన్నీ తప్పిపోనాయి. అంత మంచిదయితే ఏలినోరు మేడెందుకెక్కారు?"

వెంట వచ్చిన మంత్రి కళ్లెర్రజేశాడు. రాజు తల దించుకొన్నాడు.

మూడోసారి దండోరా లేదు, దానమూ లేదు. రాజు మేడను ధాన్యపు కొట్టుగా మార్చి, రేవు పక్కన చుట్టిల్లు కట్టించుకొన్నాడు. కూతురు విరజ పెళ్లికి రాణి ఊరి ఆడవాళ్లతో కలిసి ఆ గోడలు అలికి ముగ్గులు పెట్టింది. వియ్యాలవారు మట్టి అరుగు మీద కూర్చొని, "ఎంత చల్లగా ఉంది!" అన్నారు.

ఆ మాట ఊరూరా పాకింది. బట్టీలు ఒక్కొక్కటే చల్లారాయి. నరికిన చోట మడ మొక్కలు లేచాయి. పోలమ్మ ఇంటికి కోడలొచ్చింది.

కొన్నేళ్లకు పెద్ద తుఫాను రానే వచ్చింది. కప్పులు ఎగరలేదని చెప్పను. చాలా ఎగిరాయి, రాజుగారిదీ ఎగిరింది. గోడలు మాత్రం నిలిచాయి. సముద్రం మడ వేళ్ల దాకా వచ్చి వెనక్కు పోయింది.

మర్నాడు పోలమ్మ అటుగా వచ్చి నవ్వింది. "ఏం బాబూ, మళ్లీ మేడెక్కుతారా?"

"కాస్త తాటాకు అందించవ్వా," అన్నాడు రాజు, నిచ్చెన మీదినుంచి.

తాను ఉండని ఇంటిని ఎంత పొగిడినా, అందులో ఇంకొకరు కాపురం పెట్టరు.