వేడెక్కని నలభై చార్జర్లు

పెంటకోట వారి ఇంట్లో నలుగురుంటారు. నలుగురికీ తెలివి ఎక్కువే. ఎంత ఎక్కువంటే, ఇరుగుపొరుగు వాళ్ళని ఏ సలహా అడగరు. అడిగితే తమ తెలివి కాస్త పక్కింటికి పోతుందేమోనని భయం. ఈ మాట వాళ్ళే చెప్పుకుంటారు, నేను కల్పించింది కాదు. గోడ గడియారం ఐదు నిమిషాలు ముందు నడుస్తుంటే మీరూ నేనూ ముల్లు వెనక్కి తిప్పుతాం. వాళ్ళు మాత్రం ఐదు నిమిషాలు ఆగి చూస్తారు.

ఇంటికి పెద్దకొడుకు నూకరాజు. ఆడపిల్లల హాస్టలు గోడకి ఆనుకుని చిన్న సెల్‌ఫోన్ల కొట్టు నడుపుతున్నాడు. ఆ కొట్టంటే అతనికి ప్రాణం. పొద్దున్న షట్టరు ఎత్తేటప్పుడు దణ్ణం పెడతాడు, సాయంత్రం దించేటప్పుడు "వెళ్ళొస్తానమ్మా" అని చెప్పి మరీ దించుతాడు. గది మాత్రం హాస్టలు వాళ్ళది.

ఓ సోమవారం వార్డెన్ సులోచన మేడం కొట్టు ముందుకొచ్చి నిలబడింది.

"నూకరాజూ, మా పిల్ల ఒకతి ఎక్కడో కొన్న చార్జరు పేలి దుప్పటి కాలిపోయింది. ఇకమీదట చార్జర్లు అందరికీ నేనే కొనిస్తాను. నలభై కావాలి. ఒక్కొక్కటీ పరీక్ష చేసి, ఏ భయమూ లేదనుకున్నవే శనివారం ఇయ్యి. ఇచ్చావా, కొట్టు నీదే. లేదంటే చెరుకురసం బండాయన అడుగుతున్నాడు, గది అతనికిచ్చేస్తాను."

నూకరాజు షట్టరుని గట్టిగా పట్టుకున్నాడు. మేడం ఓ కాగితం, బొటనవేలంత మీటరు అతని చేతిలో పెట్టింది.

"చార్జరుకీ ఫోను వైరుకీ మధ్య ఈ మీటరు పెడితే ఎన్ని వోల్టులు వస్తున్నాయో చూపిస్తుంది. ఐదుకి దగ్గరగా ఉండాలి. ఎలా చెయ్యాలో కాగితంలో రాశాను. రాసింది రాసినట్టు చెయ్యి. నీ సొంత తెలివి వాడకు."

ఆ చివరి మాటకి నూకరాజు కాస్త నొచ్చుకున్నాడు. ఇంత తెలివి వారం రోజులు ఊరికే పడుండాలా అని.

కొట్లోంచి నలభై చార్జర్లు ఇంటికి తెచ్చి అందరూ చుట్టూ కూర్చున్నారు. నూకరాజు భార్య దేముడమ్మ ఏడో తరగతి చదివింది కాబట్టి కాగితం ఆమె చదివింది. మొదటి మాట: "ముందు మీటరు సరైనదో కాదో చూసుకోవాలి."

"మీటరు సంగతి మీటరుకే తెలుస్తుంది" అన్నాడు తమ్ముడు గవరయ్య. అంతే, బజారుకి పరిగెత్తి ఇంకో మీటరు తెచ్చాడు. మేడం మీటరు ఐదు పాయింటు ఒకటి అంది. కొత్తది నాలుగు పాయింటు తొమ్మిది అంది. తగువు తీర్చడానికి మూడోది తెచ్చారు. అది ఐదు పాయింటు రెండు అంది. మూడింటినీ ఒకదాని వెనక ఒకటి తగిలించి చూశారు. ఎవరి మాట వాళ్ళదే.

తల్లి పైడమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "ఒరే, వీటిలో ముందు మనింటికొచ్చింది ఏదిరా?"

"మేడం ఇచ్చిందమ్మా."

"అయితే అదే పెద్దది. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే చిన్నవాళ్ళు నోరు మూసుకోవాలి."

న్యాయం తేలిపోయింది. చిన్నమీటర్లు రెండింటి మొహాలకీ నల్ల టేపు అంటించారు. తీసి పక్కన పెట్టొచ్చుగా అంటారేమో, ఇంటికొచ్చినవాళ్ళని వెళ్ళగొట్టడం వాళ్ళ వంశంలో లేదు.

రెండో మాట: "అరగంట నడిచాక చార్జరు మీద చెయ్యి పెట్టాలి. పది లెక్కపెట్టేదాకా ఉంచగలిగితే మంచిది. లేకపోతే పనికిరాదు."

నూకరాజు చెయ్యి పెట్టాడు. మూడు దగ్గరే "అబ్బా" అని తీసేశాడు. ఇంకోదాని మీద నాలుగుదాకా ఉంచాడు. అతనికి కళ్ళ ముందు చెరుకురసం బండి కనిపించింది.

"అన్నా, ఎవరి చెయ్యో కాగితంలో ఉందా?" అన్నాడు గవరయ్య.

దేముడమ్మ వెతికింది. లేదు.

"అయితే నీ చెయ్యెందుకు? ఇంట్లో అమ్మ చెయ్యి పెట్టుకుని!"

నిజమే కదా! పైడమ్మ నలభై ఏళ్ళుగా ఉడుకుతున్న అన్నం గిన్నెని గుడ్డ లేకుండా పొయ్యి మీంచి దించుతున్న మనిషి. ఇంకేముంది, పీట వేసి కూర్చోబెట్టారు. ఒక్కో చార్జరు మీద చెయ్యి పెట్టడం, పది లెక్కపెట్టడం, ఎందుకైనా మంచిదని ఇరవైదాకా లెక్కపెట్టడం. పదిహేడో చార్జరు పై డొప్ప కరిగి ఆవిడ అరచేతికి అంటుకుని వచ్చింది.

"ఇది కాస్త మెత్తనిదిరా. మంచి రకం" అంది పైడమ్మ.

నలభైకి నలభై నెగ్గాయి. నూకరాజుకి ప్రాణం లేచొచ్చింది.

మూడో మాట గురువారం మొదలుపెట్టారు. "అన్నీ ఒకేసారి పెట్టి చూడాలి. పొగ వస్తే ఆలోచించకుండా పీకి ఆరుబయట పెట్టాలి." ఇంట్లో ఉన్న ఫోన్లూ, రిపేరుకొచ్చిన ఫోన్లూ తగిలించి నలుగురూ కన్నార్పకుండా కూర్చున్నారు. ఎంతసేపటికీ పొగ రాలేదు. దేముడమ్మ విసుగొచ్చి పప్పు తాలింపు పెట్టడానికి లేచింది. ఎండుమిరపకాయలు నూనెలో పడ్డాయో లేదో ఇల్లంతా కమ్మేసింది.

"అన్నా, పొగ!" గవరయ్య చార్జర్లన్నీ పీకేస్తున్నాడు.

నూకరాజు దగ్గుతూ అడిగాడు. "ఇది మిరపకాయల పొగ కదరా?"

"ఏ పొగో రాశారా? ఆలోచించొద్దని మాత్రం రాశారు. నువ్వు ఆలోచిస్తున్నావ్!"

నూకరాజు సిగ్గుపడి ఆలోచించడం మానేశాడు. నలభైనీ పెరట్లో చాప మీద పరిచారు. పరిచారో లేదో చినుకులు మొదలయ్యాయి. దేముడమ్మ కాగితంలో నాలుగో మాట గట్టిగా చదివింది. "తడి తగలకూడదు." లోపలికి తెద్దామంటే పొగ ఇంకా తగ్గలేదు. అంతే, గొడుగొకరు, చేటొకరు, తలుపు మీది గోనెపట్టా ఇద్దరు పట్టుకుని చార్జర్లకి కాపు కాశారు. వాన గంటన్నర కురిసింది. నలుగురూ నిలువునా తడిసిపోయారు. మనుషులకి తడి తగలకూడదని కాగితంలో లేదు.

"మావా, నాకు చలేస్తోంది" అంది దేముడమ్మ.

"కొట్టు పోతే ఇంతకన్నా చలేస్తుందే" అన్నాడు నూకరాజు. మనసులో మాటే అన్నాడు పాపం.

శుక్రవారం మళ్ళీ అన్నీ ప్లగ్గుల్లో పెట్టారు. మళ్ళీ వేడెక్కాయి. పదిహేడోదైతే ఈసారి తాలింపుతో పనిలేకుండా తనే కమురు వాసన కొట్టింది. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

గంట తర్వాత దిగులుగా ఓ చార్జరు మీద చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. పది లెక్కపెట్టాడు. ఇంకోటి చూశాడు. అదీ చల్లనే. పదిహేడోది కూడా చల్లనే! గబగబా చిన్నమీటర్ల టేపు పీకి చూశాడు. పెద్దదీ ఏం చెప్పడం లేదు, చిన్నవీ ఏం చెప్పడం లేదు. వారం రోజుల్లో మొదటిసారి మూడూ ఏకమయ్యాయి.

"ఒరే గవరయ్యా, వేడంతా కరెంటుదేరా! పాపం చార్జర్ల తప్పు అణువంత కూడా లేదు."

"మరి హాస్టల్లో కరెంటుంటుంది కదన్నా? పిల్లలు చెప్తే వింటారా? ప్లగ్గులో పెట్టేస్తారు."

నలుగురూ దీర్ఘంగా ఆలోచించారు. కాగితంలో ఈ సంగతి లేదు కాబట్టి సొంత తెలివి వాడక తప్పలేదు. నూకరాజు కటింగ్ ప్లేయరు తెచ్చాడు. టక్కు టక్కుమని నలభై చార్జర్లకీ పిన్నులు కత్తిరించేశాడు. పిల్లల వేళ్ళకి గుచ్చుకుంటుందేమోనని దేముడమ్మ పిన్నుల మొదళ్ళన్నీ గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేసింది.

శనివారం మేడం వచ్చేసరికి నలుగురూ కొట్లోనే ఉన్నారు. చెరుకురసం బండాయన కూడా కాస్త దూరంలో నిలబడ్డాడు. మేడం తన ఫోనూ చార్జరూ గవరయ్యకిచ్చి లోపల చార్జింగు పెట్టమని చెప్పి, చార్జర్ల పెట్టె తెరిచింది. ఒకటి తీసి అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"పిన్నులేవి నూకరాజూ?"

"తీసేశాం మేడం. ప్రమాదమంతా వాటితోనే వస్తోంది. ఇప్పుడు ఏ గోడకి పెట్టుకున్నా వేడెక్కవు. చెయ్యి పెట్టి చూడండి."

"మరి ఫోను చార్జింగు ఎలా ఎక్కుతుంది?"

దేముడమ్మ కాగితం మొదట్నుంచి చివరిదాకా చదివింది. వెనక్కి తిప్పి కూడా చూసింది.

"ఆ పరీక్ష ఇందులో లేదు మేడం."

మేడం ఆ కాగితం తీసుకుని తనే ఓసారి చదువుకుంది. ఏమనుకుందో ఏమో, నూకరాజు మొహం చూసి జాలి పడింది. అతని కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

"సరే, తప్పు నాదే. సోమవారందాకా టైమిస్తున్నాను. పిన్నులున్నవి కొత్తవి నలభై తీసుకురా. పరీక్ష నేనే చేయిస్తాను. నువ్వు వాటిని ముట్టుకోవద్దు. కొట్టు ఎక్కడికీ పోదులే."

నూకరాజు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. పైడమ్మ కళ్ళొత్తుకుంది. చెరుకురసం బండాయన నిట్టూర్చి బండి వెనక్కి తిప్పుకున్నాడు.

"నా ఫోనిలా ఇయ్యి, వెళ్తాను" అంది మేడం.

గవరయ్య లోపల్నుంచి వచ్చాడు. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో మేడం చార్జరు. నున్నగా రుద్ది, మెరుస్తోంది.

"మీది కూడా చేసేశాం మేడం" అన్నాడు గవరయ్య ఎంతో వినయంగా. "ఇంత మంచి మనిషి, పిన్నులున్న చార్జరు పెట్టుకుని తిరుగుతుంటే చూస్తూ ఎలా ఊరుకుంటాం?"

మేడం బండాయన్ని కేకేసి పిలిచింది.