రెండు కార్లు, పైడయ్య తీర్పు

మోటారు కార్లు ఊళ్లలోకి వచ్చి, అప్పుడే ముసలివైపోయిన రోజులవి. జమీందారు జగ్గప్పరాజుకీ, ఆయన బావమరిదికీ చెరో పాత కారు ఉండేది. రెండూ తోసినంతసేపే నడిచేవి. వెనక నుంచి తోసేవాడు పైడయ్య.

ఒకనాడు బావాబావమరదులు పంతానికి దిగారు. "ఒరే పైడయ్యా, ఎవరి కారు జోరెక్కువ?"

ఎవరిని మెచ్చినా రెండోవారి కొరడా తప్పదు. "రెండూ ఒకటే జోరు బాబయ్యా!" అన్నాడు పైడయ్య.

"నాది పన్నెండు గుర్రాల బలం. వాడిది ఎనిమిదేరా!" అన్నాడు జమీందారు.

"ఎన్ని గుర్రాలైతేనేం బాబయ్యా, రెంటినీ నడిపేది నా కాళ్లేగా! అనుమానముంటే తమరే తోసి చూడండి."

పంతం కొద్దీ ఇద్దరూ పంచెలు ఎగ్గట్టి, ఎవరి కారు వారు తోశారు.

పైడయ్య తీరిగ్గా అరుగెక్కి కూర్చుని, ఆ కార్ల ముఖాలెలా ఉంటాయో మొదటిసారి చూశాడు.